లోపలికి రానివ్వని బడి, బయటికి పోనివ్వని బడి

సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన్ని ఆ వీధిలో అందరూ ఇప్పటికీ కండక్టరనే అంటారు. ఎవరూ చెప్పకపోయినా కొత్తవాళ్లకి తెలిసిపోతుంది. మాట్లాడితే గొంతు మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. నిలబడితే కాళ్లు రెండూ ఎడంగా పెట్టి నిలబడతాడు, నేల ఎప్పుడు కుదుపుతుందో అన్నట్టు. వంటింట్లో ఇద్దరు మనుషులు ఎదురుబొదురైతే చాలు, వెనకనుంచి "జరగండి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అని కేకేస్తాడు. రిటైరైన కొత్తలో భార్య దాన్ని ముచ్చటగానే భరించింది. పోనుపోను ఆవిడ ఓపిక సన్నగిల్లింది.

అసలే ఆయనకి ఇంట్లో పొద్దుపోయేది కాదు. డబ్బాల మూతలు తీసి వాసన చూసేవాడు. ఫ్యాను ఎందుకు తిరుగుతోందని అడిగేవాడు, కట్టేస్తే ఎందుకు ఆగిందని అడిగేవాడు. కూర తరుగుతుంటే పక్కన నిలబడి ముక్కలు చిన్నవయ్యాయనేవాడు.

ఒక్కగానొక్క కొడుక్కి కోర్టు ఎదురుగా జెరాక్సు షాపు ఉంది. కోడలు పెద్దాసుపత్రిలో నర్సు. వాళ్లకి ఒకే కూతురు. దానికి అసలు పేరు వేరే ఉంది కానీ ఇంట్లో అందరూ పిడుగనే అంటారు. అది ముద్దుపేరు కాదు, ఫిర్యాదు.

పిడుగుని బళ్లో వేసే వయసు వచ్చేసరికి ఇంట్లో గొడవ మొదలైంది.

"నా కూతుర్ని ప్రైవేటు స్కూల్లోనే వేస్తా" అన్నాడు కొడుకు. "మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగు లేదూ, అందులో. టై కట్టుకుని, బూట్లేసుకుని, బస్సెక్కి వెళ్లాలి."

"టై కడితే పాఠాలొస్తాయా?" అంది కోడలు. "వీధి చివర సర్కారు బడి పెట్టుకుని అంత దూరం దేనికి? నేను సర్కారు బళ్లోనే చదివాను. నర్సునయ్యాను."

"నేనూ అందులోనే చదివా. ఏమయ్యాను? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవడో రాసినదానికి కాపీలు తీస్తున్నా."

"అది బడి తప్పు కాదండీ. బళ్లో ఉన్నప్పుడు కూడా మీరు చేసింది అదేనటగా. పక్కవాడు రాసినదానికి కాపీ తీయడం."

కొడుకు గిరుక్కున తల్లి వైపు తిరిగాడు. ఆ సంగతి కోడలి చెవిన వేసింది ఆవిడే. ఆవిడ పైటతో మొహం తుడుచుకుని, మాట మార్చడానికన్నట్టు అంది:

"మీలో మీరు కొట్టుకు చావడం దేనికిరా? మీ నాన్న ఖాళీగానే ఉన్నారు కదా. రెండు బళ్లూ చూసొచ్చి ఏది బావుందో చెప్పమనండి. ఆయన మాటే ఆఖరి మాట."

ఆయన మాట మీద ఆవిడకి అంత గురి ఏమీ లేదు. ఓ నాలుగు రోజులు మనిషి గడప దాటితే చాలనుకుంది.

కండక్టరు మాత్రం ఆ పనిని నెత్తిన పెట్టుకున్నాడు. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని అద్దాల బడికి బయల్దేరాడు.

గేటు దగ్గర టోపీ పెట్టుకున్న మనిషి ఆపాడు. ఎవరు, ఎందుకు, ఎవరి తాలూకు అన్నీ అడిగి, లోపల ముందుగదిలోకి పంపాడు. ఆ గది చల్లగా ఉంది. మెత్తటి సోఫా, గోడవార పెద్ద చేపల తొట్టి ఉన్నాయి. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నవ్వి, రంగుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది.

"ఇది సరేనమ్మా. క్లాసులు ఓసారి చూస్తా" అన్నాడు కండక్టరు.

"క్లాసుల్లోకి పేరెంట్స్‌ని పంపమండీ సార్. పిల్లలు డిస్టర్బ్ అవుతారు."

"నేను పేరెంటుని కాదమ్మా, తాతని."

"తాతల్ని అసలు పంపమండీ."

"మరి సీటెలా ఉందో చూడకుండా టికెట్ ఎలా తీసుకుంటాం?"

ఆ అమ్మాయికి ఇలాంటివాళ్లు అలవాటే. టీవీ పెట్టింది. అందులో పిల్లలు నవ్వుతూ పరిగెత్తారు, కంప్యూటర్ల ముందు కూర్చున్నారు, నీలంరంగు కొలనులో ఈత కొట్టారు. కండక్టరు లేచి కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు.

"ఈ కొలను ఎక్కడుందమ్మా?"

"అది మా మెయిన్ బ్రాంచిలోదండీ."

"మెయిన్ బ్రాంచి ఎక్కడుంది?"

"వేరే ఊళ్లో సార్."

మర్నాడు మళ్లీ వెళ్లాడు. మళ్లీ చేపల తొట్టి దాకానే పోనిచ్చారు. ఇంక లాభం లేదని, బయట పేవ్‌మెంటు మీద నిలబడి విన్నాడు. మేడ మీద పిల్లలందరూ ఒక్క గొంతుతో ఏదో ఇంగ్లీషు పాట పాడుతున్నారు. ఒక్కరూ ముందు లేరు, ఒక్కరూ వెనకపడలేదు. ఆ పక్కనే బడి బస్సులు ఒక దాని పక్కన ఒకటి గీత గీసినట్టు నిలబెట్టి ఉన్నాయి. అద్దాలు తుడిచి ఉన్నాయి, ఒక్క సీటూ చిరగలేదు. కండక్టరు వాటి వైపు ఆశగా చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాంటి బస్సు ఒక్కసారి కూడా తన వాటాకి రాలేదు.

ఆ మర్నాడు వీధి చివరి సర్కారు బడికి వెళ్లాడు. గేటు బార్లా తీసి ఉంది. ఎవరూ ఆపలేదు. వరండాలో ఒక కుక్క పడుకుని ఉంది, అది కూడా ఎవరని అడగలేదు. కండక్టరు నేరుగా నడుచుకుంటూ వెళ్లి ఒక గదిలో తల పెట్టాడు. లోపల పిల్లలు సంతలో ఉన్నట్టున్నారు. ఇద్దరు బెంచీ ఎక్కి దూకుతున్నారు, ఒక పిల్ల తీరుబడిగా సుద్దముక్క నములుతోంది.

అంతలో పెద్ద టీచరు వచ్చింది. ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో ఏడుస్తున్న పిల్లాణ్ణి పట్టుకుని ఉంది.

"మా మనవరాలిని వేద్దామని చూడ్డానికొచ్చానండీ" అన్నాడు కండక్టరు.

"చూడండి, బాగా చూడండి" అందావిడ. "ఒక్క నిమిషం వీళ్ల దగ్గర నిలబడతారా? రెండో తరగతి టీచరు పురిటి సెలవులో ఉంది. వీడికి ముక్కులోంచి రక్తం కారుతోంది, కడిగి వచ్చేస్తాను."

కుర్చీ ఆయన ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ ఒక్క నిమిషం మధ్యాహ్నం భోజనం గంట దాకా సాగింది.

మొదట కండక్టరు గుమ్మం వైపు చూశాడు. తర్వాత, ఇంతకంటే కిక్కిరిసిన బస్సులు ఎన్ని చూళ్లేదు అనుకుని గొంతెత్తాడు.

"జరగండి జరగండి! లోపలికి జరగండి! బెంచీకి ముగ్గురే. ఫుట్‌బోర్డు మీద ఎవరూ వేలాడకూడదు. ఎవరమ్మా సుద్ద తింటున్నది? బండిలో తినుబండారాలు నిషేధం!"

గది ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడాయన జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద టకటక కొట్టి "రైట్ రైట్" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇంకోసారి అనమన్నారు. అన్నాడు. ఎక్కడికెళ్తోంది బస్సు అని అడిగారు. మీరు చెప్పండి అన్నాడు. తలా ఒక చోటు చెప్పారు. ఆ పేర్లన్నీ బోర్డు మీద రాసి, పైకి చదివినవాళ్లకే టికెట్ ఇస్తానన్నాడు. సుద్ద నమిలే పిల్ల తన స్టాపు పేరు చదవలేకపోయింది. పక్క పిల్ల చెవిలో ఊదితే చదివేసింది. కండక్టరు విననట్టు నటించాడు.

ఆయన ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయింది.

"ఇంతసేపు ఎక్కడున్నారు?" అంది భార్య.

"రెండో తరగతికి పాఠం చెప్తున్నా. రేపు కూడా రమ్మన్నారు."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "బళ్లు చూసి రమ్మంటే బళ్లో చేరిపోయారా?"

ఆ వారం చివర అందరూ కూర్చున్నారు. తను గెలిచినట్టే అనుకుని కోడలు చిరునవ్వుతో ఉంది. మావయ్య రోజూ సర్కారు బడికే వెళ్తున్నాడాయె. కండక్టరు గొంతు సవరించుకున్నాడు.

"పిల్లని ప్రైవేటులోనే వేద్దాం."

"అదేంటి మావయ్యా!" అంది కోడలు. "మీరు అక్కడ లోపలికి కూడా వెళ్లలేదు కదా?"

"వెళ్లలేదు. కానీ ఇక్కడ లోపలేముందో నాకు తెలుసు కదమ్మా. బాత్రూం తలుపుకి గడియ లేదు. ఒకటో తరగతికి పాఠం చెప్తూనే పెద్ద టీచరు ఆఫీసు పని చేసుకోవాలి. ఇక రెండో తరగతికి చెప్పేది ఎవరు? నేను. నా చదువెంతో నాకు తెలీదూ? నాలాంటివాడు పాఠం చెప్పే బడికి మన పిల్లని ఎలా పంపుతాం?"

కోడలు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు ఎగిరి గంతేశాడు.

అలా పిడుగు టై కట్టుకుని అద్దాల బడికి, తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని సర్కారు బడికి పోవడం మొదలైంది. సెలవులో ఉన్న టీచరు వచ్చేదాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటే చాలని పెద్ద టీచరు బతిమాలింది. బతిమాలక్కర్లేదు, ఆయన మొదటి మాటకే ఒప్పేసుకున్నాడు. ఇల్లు ప్రశాంతంగా ఉందని భార్య కూడా ఒప్పేసుకుంది.

రాత్రి భోజనాల దగ్గర తాతా మనవరాలూ కబుర్లు చెప్పుకునేవారు.

"మేం ఇవాళ లైన్లో వెళ్లి నీళ్లు తాగాం" అనేది పిడుగు. "లైన్లో వెళ్లి చేతులు కడుక్కున్నాం. నీ బళ్లో ఏమైంది తాతయ్యా?"

"మా బళ్లో ఒకడు ముక్కులో బొత్తాం పెట్టుకున్నాడు. దాన్ని తీయడానికి పెద్ద టీచరు వాడి చేత తుమ్మించింది. బొత్తాం వెళ్లి నా చొక్కా జేబులో పడింది."

పిడుగు కళ్లు ఇంతింత చేసుకుని వినేది. తన బళ్లో అలాంటివేవీ జరగనందుకు దానికి ఉక్రోషంగా ఉండేది. అయితే ఒకటి మాత్రం గర్వంగా చెప్పుకునేది. వాళ్ల మిస్ మంచిది. పాటకి పాటా, ఆటకి ఆటా నేర్పేది. సన్నగా ఉంటుందట, అరిచి అరిచి గొంతు బొంగురుపోయిందట.

"మా మిస్‌కి కుర్చీ లేదు తాతయ్యా. టీచర్లు కూర్చోకూడదట. పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది."

"అయ్యో పాపం, నాలాగే" అన్నాడు కండక్టరు. ఆయన కాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

మిస్ నేర్పిన పాటలన్నీ పిడుగు ఇంట్లో పాడి, ఆడి చూపించేది. చెయ్యి ఇలా తిప్పాలి తాతయ్యా, నడుం అలా ఊపాలి అని తాత చేత కూడా చేయించేది. ఆయన వాటిని మర్నాడు పట్టుకెళ్లి తన రెండో తరగతికి నేర్పేవాడు. ఒకరోజు షాపుకి వెళ్తూ ఆ దారిన పోయిన కొడుకు, సర్కారు బడి కిటికీలోంచి అద్దాల బడి పాట వినిపిస్తుంటే ఆగి, తొంగి చూశాడు. లోపల పిల్లలందరితో పాటు వాళ్ల నాన్న సీతాకోకచిలుకలా చేతులు ఊపుతూ గది చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ రాత్రి కొడుకు మొహం మాడ్చుకుని అన్నాడు. "ఫీజు కట్టేది నేను. చదువు ఊరందరికీనా?"

"నీకు కాపీల సంగతి తెలీదా ఏంట్రా?" అంది తల్లి.

కానీ సరుకు ఒక వైపే పోలేదు. తాత బళ్లో మాటలు కూడా పిడుగుతో పాటు అద్దాల బడికి చేరాయి. ఒకరోజు సుద్ద నమిలే పిల్ల "చంద్రుడు మన వెంటే ఎందుకొస్తాడు సార్?" అని అడిగింది. కండక్టరుకి తెలీదు. తెలీదని చెప్పడానికి మొహం చెల్లక, "టికెట్ లేదని నేనే బస్సెక్కనివ్వలేదు, అందుకే వెనకాల నడిచొస్తున్నాడు" అనేశాడు. పిల్లలు అది పట్టుకెళ్లి ఒకటో తరగతికీ మూడో తరగతికీ చెప్పారు. పెద్ద టీచరు ఆయన్ని పిలిచి గట్టిగానే చీవాట్లు పెట్టింది.

"తెలీకపోతే నన్నడగండి. అంతేగానీ నోటికొచ్చింది చెప్తే ఎలా అండీ? వాళ్లు నమ్మేస్తారు."

ఆయన తల దించుకున్నాడు. మర్నాడు క్లాసులో, నిన్న చెప్పింది తప్పు, చంద్రుడు చాలా దూరంగా ఉంటాడు కాబట్టి అలా కనిపిస్తాడు అని సరిదిద్దాడు. పిల్లలు మర్యాదగా విన్నారు. మొదటిదే బావుందన్నారు.

ఈలోగా అద్దాల బడి నుంచి కబురొచ్చింది. తల్లిదండ్రులు ఒకసారి వచ్చి ప్రిన్సిపాల్ మేడమ్‌ని కలవాలి. కోడలికి డ్యూటీ ఉంది. కొడుకు ఒక్కడూ వెళ్లడానికి జంకి తండ్రిని వెంటబెట్టుకెళ్లాడు. అలా కండక్టరు మొదటిసారి చేపల తొట్టి దాటి లోపలికి అడుగుపెట్టాడు.

"మీ పాప తెలివైందే" అంది ప్రిన్సిపాల్. "కానీ చంద్రుడికి టికెట్ లేదని క్లాసంతటికీ చెప్తోంది. లైన్లో నిలబెడితే రైట్ రైట్ అంటోంది. అది అనగానే లైనంతా పరిగెడుతోంది. మొన్న ఒకటే పరుగున వెళ్లి మేథ్స్ సార్‌ని గుద్దేశారు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటోందండీ?"

కొడుకు నేల చూపులు చూశాడు.

"మా బళ్లోవేనండీ" అన్నాడు కండక్టరు.

"మీ బడి అంటే? మీరు టీచరా?"

"సర్కారు బడి. రెండో తరగతి."

ప్రిన్సిపాల్ మొహం మారిపోయింది. "గవర్నమెంటు టీచరా! ముందే చెప్పొద్దూ సార్? కూర్చోండి, కూర్చోండి" అంటూ టీ తెప్పించింది. కొడుకు ఏదో చెప్పబోయాడు. కండక్టరు బల్ల కింద వాడి కాలు తొక్కి, టీ పూర్తిగా తాగాడు.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర ఒక సన్నటి అమ్మాయి వెనకనుంచి పరిగెత్తుకొచ్చింది. పిడుగు వాళ్ల మిస్. బొంగురు గొంతుని ఇంకా తగ్గించి అడిగింది.

"సార్, మీరు సర్కారు బళ్లో టీచరట కదా. నేను సర్కారు టీచరు పరీక్ష పాసయ్యాను సార్. పోస్టింగు కోసం చూస్తున్నా. మీ బళ్లో ఖాళీ ఏమన్నా ఉందా?"

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ప్రశ్నకి ఆయన చెప్పిన జవాబు ఒక్కటే. అదే నోటికొచ్చేసింది.

"లోపల బోలెడు ఖాళీ ఉందమ్మా, వచ్చెయ్!"

ఇంటికెళ్తూ ఆ సంగతి పెద్ద టీచరుతో చెప్పాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. పురిటి సెలవులో ఉన్న టీచరు భర్త ఊరికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయిందని ఆ వారమే కాగితం వచ్చింది. ఆ ఖాళీలోకి ఎవరినీ పంపకపోతే తరగతే ఎత్తేస్తారని ఆవిడ భయం. ఆ రోజే పై ఆఫీసుకి వెళ్లి కూర్చుంది. రోజూ వెళ్లి కూర్చుంది. ఆవిడ పోరు పడలేక వాళ్లు ఆ అమ్మాయికి పోస్టింగు ఇచ్చేశారు.

మిస్ వచ్చి చేరిన రోజు కండక్టరు గేటు దగ్గరే ఎదురెళ్లి, గది చూపించాడు. ఆమె మొదట చూసింది కుర్చీని. దాని మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత లేచి బోర్డు తుడిచింది.

కండక్టరుకి అప్పుడు తట్టింది. ఖాళీ ఉందని తను చెప్పింది తన సీటు గురించే.

"ఇక నేను వెళ్లొచ్చాండీ?" అని పెద్ద టీచర్ని అడిగాడు. ఉండమంటుందేమోనని కాస్త ఆశ.

"వెళ్లొచ్చండీ. మీ మేలు మర్చిపోలేం" అందావిడ, చేతులు జోడించి.

ఆ రాత్రి ఆయన అన్నం కెలికి వదిలేశాడు. భార్య కూర ముక్కలు ఎలా ఉన్నాయని తనే అడిగింది. బావున్నాయన్నాడు. ఆవిడకి నిజంగా భయం వేసింది.

కానీ ఆ ఇంట్లో ఆయన కంటే పెద్ద దుఃఖం ఇంకొకరిది. మిస్ లేని బడికి వెళ్లనని పిడుగు భీష్మించుకు కూర్చుంది. టై విప్పి కిటికీలోంచి విసిరేసింది. బూట్లు బియ్యం డబ్బాలో దాచింది. బడి బస్సు వచ్చి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

"మిస్ తాతయ్య బళ్లో ఉంది. నేనూ అక్కడికే వెళ్తా."

"కట్టిన ఫీజు ఎవడిస్తాడే?" అని కొడుకు ఒంటికాలి మీద లేచాడు. "నాన్నా, నువ్వే కదా ఆ బడి వద్దన్నావు? టీచర్లు లేరన్నావు?"

"అప్పుడు లేదు. ఇప్పుడుంది" అన్నాడు కండక్టరు. "దాని మిస్ బాగా చెప్తుందనేగా ఇన్నాళ్లూ మురిసిపోయావు? ఆ మిస్సే ఇప్పుడక్కడుంది."

కొడుకు చాలాసేపు గింజుకున్నాడు. ఇంగ్లీషు పోతుందన్నాడు, బస్సు లేదన్నాడు, గడియ లేదన్నాడు. కోడలు ఒక్క మాట కూడా మాట్లాడకుండా బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. అదే వాడికి ఎక్కువ కష్టంగా ఉంది. చివరికి ఆ ఏడు అక్కడే గడిచాక మార్చేద్దామని రాజీకొచ్చాడు. పిడుగు కూడా ఏడుస్తూనే ఒప్పుకుంది.

బడులు మళ్లీ తెరిచే ముందు కండక్టరు సుత్తీ మేకులూ పట్టుకెళ్లి సర్కారు బడి బాత్రూం తలుపుకి గడియ బిగించాడు. పెద్ద టీచరు వచ్చి చూసి నవ్వింది.

"ఇంతకాలం మా పిల్లలకి లేని గడియ మీ మనవరాలు వస్తుందంటే వచ్చిందేంటండీ?"

ఆయన సిగ్గుపడి, పక్క తలుపుకి కూడా బిగించాడు.

రెండో తరగతిలో చేరిన మొదటి రోజు పిడుగు గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్ మిస్" అంది. మిస్ వినలేదు. పక్కనుంచి మిగతా పిల్లలు తోసుకుంటూ లోపలికి పోతున్నారు. అది అలాగే నిలబడి ఇంకోసారి అడిగింది. చివరికి సుద్ద నమిలే పిల్ల తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాగేశాడు. మధ్యాహ్నం ఇంకో వింత. అన్నం తింటూ మాట్లాడుకోవచ్చట. పిడుగు ఎంత మాట్లాడిందంటే తినడమే మర్చిపోయింది.

ఇంగ్లీషు పోతుందనే బెంగ కొడుకుని వదల్లేదు. సాయంత్రాలు కూతుర్ని షాపుకి తీసుకెళ్లి జెరాక్సు మిషన్ మీద రాసి ఉన్నవన్నీ చదివించేవాడు. దాంతో పిడుగుకి కొత్త మాటలొచ్చాయి. లెక్క రాకపోతే "పేపర్ జామ్" అంటుంది. అన్నం ఎక్కువ పెడితే "ట్రే ఫుల్" అంటుంది. మిస్ నవ్వి, ఆ మాటలకి స్పెల్లింగులు కూడా నేర్పింది.

అంతా కుదురుకుందనుకునేసరికి పిడుగు ఒక రాత్రి భోజనాల దగ్గరికి ఎగురుకుంటూ వచ్చింది.

"తాతయ్యా, మా మిస్‌కి పెళ్లి!"

కొడుకు, కోడలు సంతోషించారు. కండక్టరు చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఇంతకుముందు ఆ సీటు ఎలా ఖాళీ అయిందో ఆయనకి బాగా గుర్తుంది.

పెళ్లికి అందరూ వెళ్లారు. వధూవరులతో ఫోటో దిగడానికి జనం తోసుకుంటుంటే, కండక్టరు నాలుగు కేకలేసి అందర్నీ వరసలో పెట్టాడు. తన వంతు రాగానే అక్షింతలు వేయడం కూడా మర్చిపోయి పెళ్లికొడుకుని పక్కకి లాగాడు.

"బాబూ, నీది బదిలీలుండే ఉద్యోగమా?"

పెళ్లికొడుకు బిక్కమొహం వేసి మిస్ వైపు చూశాడు. ఆమె నవ్వాపుకుంటూ తల దించుకుంది.

"లేదండీ. నాది మందుల షాపు. మార్కెట్ పక్కనే."

"సొంతమేనా? అద్దె షాపా?" వెనకనుంచి ఆత్రంగా అడిగింది ఎవరో కాదు, కొడుకు.

"సొంతమేనండీ."

తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ పెళ్లికొడుకుని కావిలించుకున్నారు. ఫోటోగ్రాఫరు, ఏదో దగ్గరి చుట్టరికం అనుకుని, ఆ ఫోటో కూడా తీశాడు. తర్వాత కండక్టరు, అప్పటికే ఒకసారి తిన్నానన్న మాటే మర్చిపోయి, మళ్లీ భోజనాల వైపు నడిచాడు.